నొక్కగానే వచ్చిన టిక్కు

హేమ ఇంజనీరింగ్ చదివిందంటే అది బాబాయి నాగులు మొండితనం వల్లే. బందరు దాటి ఇంకా సముద్రం వైపు వెళ్తే మొగపాలెం వస్తుంది. అక్కడున్నవన్నీ చేపల వేట మీద బతికే ఇళ్లు. హేమకు ఊహ తెలిసేలోపే నాన్న జ్వరంతో పోయాడు. అమ్మ వెంకటరత్నమ్మ చేపల బుట్టలు ఆటోకెక్కించుకుని రోజూ బందరు మార్కెట్టుకు వెళ్లేది. పదో తరగతి అయిపోగానే పిల్లను రొయ్యల కంపెనీలో పనికి పెడదామని అమ్మ అనుకుంటే, పిన్ని గంగారత్నం భర్త నాగులు గుమ్మంలో నిలబడి గొడవ పెట్టుకున్నాడు.

“లెక్కల్లో ఈ పిల్లకొచ్చినన్ని మార్కులు మన పాలెంలో ఎవడికొచ్చినయ్యి వదినా? రొయ్యల తలకాయలు గిల్లటానికా ఈ చదువంతా?”

గొడవలో ఆయనే గెలిచాడు. బందరులో పాలిటెక్నిక్, ఆ తర్వాత విజయవాడ పక్కన ఒక కాలేజీలో ఇంజనీరింగ్. ఫీజు కట్టాల్సిన నెలల్లో ఆయన ఎవరెవరి గుమ్మాలెక్కాడో హేమకు ఎప్పుడూ చెప్పలేదు. సొంత కొడుకు కోటి ఇంటర్ తప్పి పడవెక్కితే, “పోన్లే, నాకూ ఓ చెయ్యి ఆసరా” అని ఊరుకున్నాడు గానీ, హేమకు ఒక పేపరు పోయిందంటే మాత్రం రెండు రోజులు ముద్ద దిగేది కాదు.

ఉద్యోగం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, ఒక బట్టల షాపు పై అంతస్తులో దొరికింది. వేదిక సాఫ్ట్‌వేర్స్ అని చిన్న కంపెనీ. కల్యాణమండపాలకు బుకింగులు, క్లినిక్కులకు అపాయింట్‌మెంట్లు, మందుల షాపులకు బిల్లింగు, ఇలాంటివి తయారుచేసేవాళ్లు. హేమ పటమటలో లేడీస్ హాస్టల్లో ఉంటూ షేరాటోలో వెళ్లి వచ్చేది.

పనిలో ఆమె నిదానం. కోడ్ రాయడానికి కూర్చునే ముందు, దాన్ని వాడబోయే మనిషి ఎవరో ఒకసారి కళ్లముందుకు తెచ్చుకునేది. క్లినిక్కు యాప్‌లో మనిషిని ఫోన్ నంబరుతో గుర్తుపడదామని అందరూ అంటే, “మా పాలెంలో అత్తాకోడళ్లిద్దరికీ కలిపి ఒకటే ఫోనుంటుందండీ. అత్త రిపోర్టు కోడలి పేరు మీద పడుతుంది” అంది. ఆ ఒక్క మాటతో డిజైను మారిపోయింది. బిల్లు బటన్ను పొరపాటున రెండుసార్లు నొక్కినా ఒకటే బిల్లు పడేలా ఏం చేయాలి, ఎవరైనా ఒక వివరాన్ని తీసేస్తే దాన్ని పూర్తిగా చెరపకుండా పక్కన ఎలా దాచాలి, ఇలాంటివన్నీ నాలుగైదు వరుసల కోడ్ ముక్కలుగా రాసి ఆఫీసు గ్రూపులో పెట్టేది. కొత్తగా చేరినవాళ్లు వాటిని అలాగే ఎత్తి వాడుకునేవాళ్లు. టీమ్ లీడర్ ఆసిమ్ వాటికి ‘హేమ ముక్కలు’ అని పేరు పెట్టాడు. ఆసిమ్‌ది వన్‌టౌన్. వాళ్ల నాన్నకు పంజా సెంటర్లో గడియారాలు బాగుచేసే కొట్టుంది. తక్కువ మాట్లాడే మనిషి. అలాంటివాడు పేరు పెట్టాడంటే మెచ్చుకున్నట్టే.

ఆ రోజుల్లోనే ఒక సేవాసంస్థ వాళ్లు వచ్చారు. వేటకు వెళ్లేవాళ్లకోసం యాప్ కావాలన్నారు. వాతావరణం, రేవులో చేపల ధరలు, వీటన్నిటికంటే ముఖ్యంగా ఒక ఎర్ర బటన్. నడిసముద్రంలో ప్రమాదం వచ్చినప్పుడు దాన్ని నొక్కితే, పడవ ఉన్న చోటుతో సహా కబురు సంస్థవారి కంట్రోల్ రూముకు చేరాలి. ‘తోడు’ అని పేరు కూడా వాళ్లే పెట్టుకొచ్చారు.

పని హేమకు ఇచ్చారు. ఇంకెవరికిస్తారు?

ఒడ్డు నుంచి కాస్త లోపలికి పోతే ఫోన్ సిగ్నల్ ఉండదని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకని కబురును ముందు ఫోన్లోనే ఒక వరుసలో భద్రపరిచి, సిగ్నల్ తగిలిన క్షణంలో దానంతటదే వెళ్లిపోయేలా రాసింది. ఫోన్ ఆగిపోయి మళ్లీ వెలిగినా కబురు పోదు. ఆ భాగం చూసి ఆసిమ్ కుర్చీ దగ్గరికి జరుపుకుని మరీ మెచ్చుకున్నాడు. ఇక మిగిలింది చిన్న విషయం. బటన్ నొక్కాక తెర మీద ఏం చూపించాలి?

“‘ఇంకా వెళ్లలేదు’ అని చూపించాలండీ. కంట్రోల్ రూము నుంచి జవాబు వచ్చాకే టిక్కు పెట్టాలి” అంది హేమ.

మేనేజర్ సాయిగణేష్ ఒప్పుకోలేదు. “అమ్మా, నడిసముద్రంలో ఉన్నోడికి ‘ఇంకా వెళ్లలేదు’ అని చూపిస్తే గుండాగి పోతాడు. వాడికి ధైర్యం కావాలి. నొక్కగానే పచ్చ టిక్కు, ‘మీ కబురు అందింది’ అని రావాలి. పైగా సోమవారం డెమో. వాళ్ల ఛైర్మన్‌గారు నొక్కి చూస్తారు. ఆయన ముందు చక్రం గిర్రున తిరుగుతా కూర్చుంటే మన పరువేమైపోద్ది?”

“కానీ వెళ్లకుండానే వెళ్లిందని...”

“ఎప్పటికైనా వెళ్తుందిగా? నువ్వే రాశావు కదా, సిగ్నల్ రాగానే వెళ్తుందని. మరింకేంటి?”

హేమ ఆసిమ్ వైపు చూసింది. ఆసిమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “డెమోకి అలా పెట్టేద్దాం. తర్వాత మార్చుదాం” అన్నాడు.

అలాగే పెట్టింది. మామూలు భాషలో చెప్పాలంటే ఆమె రాసింది ఇంతే:

కబురును వరుసలో పెట్టు.
పచ్చ టిక్కు చూపించు.

ఈ రెండిటి మధ్య ‘అవతలి నుంచి జవాబు వస్తే’ అన్న షరతు ఒకటి ఉండాలి. అది లేదు. ఆ స్థానంలో, తర్వాత మార్చాలి అని తనకోసం ఒక మాట రాసి పెట్టుకుంది. డెమో బ్రహ్మాండంగా జరిగింది. ఛైర్మన్‌గారు నొక్కారు, టిక్కు పడింది, అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి ధరల పట్టిక పని, అదయ్యాక తెలుగు అక్షరాలు పాత ఫోన్లలో విరిగిపోతున్నాయని ఇంకో పని. మార్చాల్సినది అలాగే ఉండిపోయింది. ఆమెకు దాన్ని మార్చొద్దని ఎవరూ చెప్పలేదు. మర్చిపోయింది.

మొగపాలెంలో యాప్ పరిచయం చేసే రోజున పండగలాగే ఉంది. కమ్యూనిటీ హాలు బయట దాకా జనం. మైకు హేమ చేతికిచ్చారు. ముందు వరసలో నాగులు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పక్కవాళ్లని మోచేత్తో పొడుస్తూ, “మా పిల్ల చేసిందే ఇది” అంటున్నాడు.

“బటన్ నొక్కాక పచ్చ టిక్కు వస్తుంది. రాగానే లంగరేసి అక్కడే ఉండిపోండి. మీరు కదిలితే, వెతికేవాళ్లు వచ్చేసరికి ఆ చోట దొరకరు” అని చెప్పింది హేమ. సంస్థవారి కరపత్రంలో ఉన్న మాటే అది.

జక్కయ్య అని పాలెం పెద్ద ఒకాయన లేచాడు. “సిగ్నలు లేనికాడ ఎట్టా అమ్మా?”

“సిగ్నలు దొరకగానే దానంతటదే వెళ్లిపోద్ది తాతా.”

చెబుతుండగానే ఆమె మనసులో ఏదో చిన్నగా కదిలింది. అదేమిటో పట్టుకునేలోపు పిన్ని గంగారత్నం టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. సంస్థవాళ్లు ఫొటోకు పిలిచారు. కదిలింది కాస్తా పోయింది.

దీపావళి వెళ్లిన వారం. ఆఫీసు అయిపోయి హేమ పటమట రైతుబజారులో కమలాకాయలు బేరం చేస్తుంటే పిన్ని ఫోన్ చేసింది.

“మీ బాబాయి, కోటి ఇంకా రాలేదే. గాలి ఎక్కువైంది. ఈపాటికి వచ్చెయ్యాలి.”

హేమ ఆ యాప్ వివరాలు తన ఫోన్లోనే చూడగలదు. తెరిచి చూసింది. మొగపాలెం పడవల నుంచి ఏ కబురూ లేదు.

“ఏం కాలేదు పిన్నీ. ఏదన్నా అయితే కోటి బటన్ నొక్కేవాడు. నొక్కితే నాకు తెలిసిపోద్ది. ఏమీ రాలేదు. వేరే రేవుకు పోయి ఉంటారు.”

“అంతేనంటావా?”

“అంతే. నువ్వు అన్నం తిను.”

జక్కయ్య రెండు పడవలు సిద్ధం చేయించి వెతకడానికి పంపుదామని అప్పటికే మనుషుల్ని పోగేశాడట. హేమ చెప్పిన మాట గంగారత్నం అతనికి చెప్పింది. కంప్యూటర్లో ఏమీ రాలేదంటే ఏమీ అయి ఉండదని వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న ఆఫీసులో అందరూ అప్పుడే కంప్యూటర్లు వెలిగిస్తున్నారు. గోడ మీద ఉన్న పెద్ద తెర ఎర్రగా వెలిగి మోగింది. మొగపాలెం, కోటి పేరు. సాయిగణేష్ కుర్చీలోంచి లేచి, “వచ్చింది! మన మొదటి కబురు వచ్చింది! పనిచేసిందయ్యా!” అని అరిచాడు. కంట్రోల్ రూముకూ ఆ నిమిషానే చేరింది. పడవలు బయల్దేరాయని ఫోన్ వచ్చింది. ఎవరో హేమ భుజం తట్టారు.

హేమ మాత్రం తెర మీద కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదువుతోంది. అందిన వేళ ఇప్పుడే. నొక్కిన వేళ నిన్న మధ్యాహ్నం.

ఆమెకు అంతా ఒక్కసారే అర్థమైంది. ఎవరూ ఏమీ విప్పి చెప్పాల్సిన పని లేకుండా, ఆ రెండు వరుసలూ, వాటి మధ్య లేని షరతూ, రైతుబజారులో పిన్నితో తను చెప్పిన మాటా.  ఆసిమ్ వచ్చి తెర వైపు చూశాడు. అతనికీ అర్థమైంది. “యా అల్లా” అన్నాడు మెల్లగా.

కోటి దొరికాడు. తిరగబడ్డ పడవ వీపు మీద పడుకుని ఉన్నాడట. మెడలో ప్లాస్టిక్ కవరులో ఫోను వేలాడుతోంది. లంగరు తాడు తెగిపోయి, రాత్రంతా పడవ ఒడ్డు వైపు కొట్టుకొచ్చి, సిగ్నల్ తగిలే మేరకు రాగానే కబురు వెళ్లిపోయింది. నాగులు ఆ పూట దొరకలేదు. నాలుగైదు రోజులకు ఆయన దేహం నాగాయలంక వైపు ఇసుకలో చేరింది. నడుముకున్న మొలతాడు చూసి గంగారత్నం గుర్తుపట్టింది.

బందరు ఆసుపత్రిలో కోటి పెదాలు ఉప్పుకు పగిలిపోయి ఉన్నాయి. హేమ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

“మధ్యాహ్నం ఇంజను ఆగిపోయిందక్కా. నాన్న విప్పి చూశాడు, కాలేదు. అల్లంత దూరంలో రెండు మరబోట్లు వల లాగుతున్నయ్యి. గాలి కూడా అటే ఉంది. టార్పాలిన్ పట్టా కట్టి తెరచాపలాగా ఎత్తుదాం, వాళ్ల దగ్గరికి చేరిపోదాం అన్నాడు నాన్న. నేనే వద్దన్నా. అప్పటికే నొక్కేశా కదా. టిక్కు పడింది. ‘మీ కబురు అందింది’ అని వచ్చింది. అక్క చెప్పింది, కదలకూడదు, లంగరెయ్యి నాన్నా అన్నా. నువ్వు చెప్పావంటే నాన్న ఇంక మాట్లాడలేదు. వేసేశాడు.”

హేమ నీళ్ల గ్లాసు వాడి పెదాలకు అందించింది.

“మరబోట్లు మా కళ్ల ముందే వెళ్లిపోయినయ్యి. నాన్న చొక్కా ఊపబోతే, ఎందుకు నాన్నా, వచ్చేస్తారులే అన్నా. సాయంత్రానికి కెరటాలు లేచినయ్యి. లంగరు తాడు పడవ ముక్కును కిందకి గుంజుతోంది. నాన్న కత్తి తీసి తాడు కోస్తా ఉన్నాడు. సగం తెగిందో లేదో, తిరగబడింది.” వాడు కళ్లు మూసుకున్నాడు. “వాళ్లకి అందింది కదక్కా. మరి ఎందుకు రాలేదు?”

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నర్సు వచ్చి సెలైను మార్చింది, వాడు నిద్రలోకి జారాడు.

పత్రికల్లో కోటి ఫొటో పడింది. యాప్ వల్ల దొరికిన యువకుడు. పాలెంలో ఆడవాళ్లు హేమను చూసి, “నువ్వు చేసింది లేకపోతే ఈడు కూడా దక్కేవాడు కాదమ్మా” అని చేతులు పట్టుకున్నారు. వెంకటరత్నమ్మ చెల్లెలి కోసం ఏడుస్తూనే, ఆ మాటలు విన్నప్పుడు కూతురి వైపు చూసేది. ఆ చూపులో దుఃఖంతో పాటు కొంచెం గర్వం కూడా ఉండేది. హేమ దాన్ని భరించలేక పెరట్లోకి వెళ్లిపోయేది.

ఆఫీసులో సంస్థవారు సన్మానం పెడతామన్నారు. హేమ రానంది. సాయిగణేష్ గదిలోకి వెళ్లి, ముందు ఆ టిక్కు మార్చాలండి, ఈ రోజే, అంది.

“మారుద్దాం. ఇప్పుడు కాదు. ఇప్పుడు మారిస్తే తప్పు మనదని రాసిచ్చినట్టే. కేసులు పడతాయి. నీ పేరు మీదే ఉంది ఆ కోడు, నీకు తెలుసుగా?”

“తెలుసండీ.”

“నీ మంచికే చెప్తున్నా.”

ఆమె బయటికి వచ్చి తన సీట్లో కూర్చుంది. ఆ ఫైలు తెరిచింది. చేతులు కీబోర్డు మీద పెట్టగలిగింది గానీ వేళ్లు కదల్లేదు. ఆసిమ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. “జరుగు. నేను రాస్తా” అన్నాడు. “ఆ రోజు తర్వాత మార్చుదాం అన్నది నేను.” మేనేజర్‌కు చెప్పకుండా, అక్షరాల సవరణలతో కలిపి పంపేశాడు. కబురును వరుసలో పెట్టు. ఇంకా వెళ్లలేదని చూపించు. అవతలి నుంచి జవాబు వస్తేనే పచ్చ టిక్కు చూపించు. చెయ్యడానికి అర పూట కూడా పట్టలేదు. ఇంత చిన్న పనా అని హేమ చూస్తూ ఉండిపోయింది. 

పెద్దకర్మకు ముందు రోజు మొగపాలెం వెళ్లింది. గంగారత్నం వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కోటి జక్కయ్య వాళ్లింటికి వెళ్లాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. హేమ పిన్ని ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పింది. ఆ టిక్కు అబద్ధమని చెప్పింది. దాన్ని పెట్టింది తనేనని చెప్పింది. సిగ్నల్ లేకపోయినా అందిందని చూపిస్తుందని, కోటి నొక్కిన కబురు మర్నాటి దాకా ఆ ఫోన్లోనే ఉండిపోయిందని, ఆ సాయంత్రం ఏమీ రాలేదని తను చెప్పిన మాట కూడా అందుకే తప్పయిందని, దాచకుండా చెప్పింది.

గంగారత్నం వరండా బయటికి చూస్తోంది. చదువు లేని మనిషి, అర్థం కాలేదేమో అనుకుంది హేమ. మళ్లీ మొదటి నుంచి చెప్పబోయింది.

“ఆగు. అర్థమైంది” అంది గంగారత్నం. “అంటే మా ఆయన చెప్పినట్టు ఆ బోట్లకాడికి పోయుంటే బతికేవోడు. ఆపింది కోటిగాడు.”

“కోటి తప్పేం లేదు పిన్నీ. నేను చెప్పినట్టే చేశాడు.”

“ఆ సంగతి నాకు తెల్సు. ఆడికి తెలవదు.” ఆమె గొంతు పెరగలేదు. “ఈ మాట ఆడి చెవిన పడకూడదు. ఇప్పుడైతే ఎవరో రాలేదని కోపంగా ఉన్నాడు. కోపం మీద బతుకుతాడు. కబురే ఎల్లలేదని, తండ్రిని ఉత్త పున్నానికి ఆపానని తెల్సిందంటే, ఆడు మళ్లీ సముద్రంలోకే పోతాడు. పడవ లేకుండా పోతాడు. నాకు ఒకడే మిగిలాడు.”

“ఎట్టా పిన్నీ? వాడు నన్నే అడుగుతున్నాడు.”

“అడిగితే అందిందనే చెప్పు. నా మీద ఒట్టు.”

హేమ లేచి వెళ్లబోతుంటే గంగారత్నం వెనక నుంచి అంది.

“రేపటి కార్యానికి ఉండు. నలుగురూ అడుగుతారు. ఆ తర్వాత మా గుమ్మంలోకి రామాకమ్మా. నిన్ను చూస్తే నా నోరు ఊరుకోదు. ఎప్పుడో ఆడి ముందే అనేస్తా.”

ఆ మాట ఆమె కోపంతో అన్నట్టు లేదు. అదే హేమ తట్టుకోలేకపోయింది.

ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేసింది. ఆసిమ్ ఫోన్లు చేశాడు, ఎత్తలేదు. ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకు పిలిస్తే వెళ్లి, వాళ్లు చిన్న ప్రోగ్రాం రాయమని కాగితం ఇస్తే, తెల్ల కాగితం అక్కడే వదిలి బయటకు వచ్చేసింది. చివరికి ఉయ్యూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో చేరింది. డిగ్రీ పిల్లలకు టైపింగు, పట్టికలు చేసుకోవడం నేర్పడం. కోడ్ రాయాల్సిన పని లేదు. ఉదయం చెరకు ట్రాక్టర్లు సెంటరు ముందు నుంచి ఫ్యాక్టరీ వైపు వెళ్తుంటాయి. గది తుడుచుకోవడం, వంట, పాఠం, మళ్లీ గది. అమ్మ ఫోన్ చేసి, పిన్ని దగ్గరికి ఎందుకు వెళ్లవే, అక్కడ నిన్ను అందరూ అడుగుతున్నారు అంటే, పని ఎక్కువగా ఉందమ్మా అనేది.

కోటి వేట మానేశాడు. అర్జీలు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. బందరులో అధికారుల దగ్గరికి, విజయవాడలో సంస్థవారి ఆఫీసుకు. వెళ్లే బస్సూ వచ్చే బస్సూ ఉయ్యూరు మీదుగానే. వచ్చేటప్పుడు దిగి అక్కను చూసి పోయేవాడు. సెంటరు పక్క టీ కొట్టులో బెంచీ మీద కూర్చుని, ఆ రోజు ఎవరెవరిని కలిశాడో చెప్పేవాడు. చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు. ఇంట్లో తల్లితో మాట్లాడతాడో లేదో తెలియదు గానీ ఈ విషయం మీద మాత్రం గంటలు గంటలు మాట్లాడేవాడు.

“మాకు మర్నాడే అందిందంటున్నారక్కా. పచ్చి అబద్ధం. నా కళ్లతో చూశా టిక్కు. ఆ మధ్యాహ్నం కంట్రోల్ రూములో డ్యూటీలో ఉన్నది పద్మశ్రీ అనే అమ్మాయంట. ఫోను చూసుకుంటా కూర్చుని ఉంటది.”

“అలా అనకురా.”

“మరెలా అనాలి?”

చలికాలం చివరలో ఒకసారి కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కబురు ఆ మధ్యాహ్నమే అందిందని, యాప్ తయారుచేసిన మనిషిగా ఆమె సంతకం కావాలి. అది ఉంటే సంస్థలో పెద్ద సారు చర్య తీసుకుంటానన్నాడట.

హేమ కాగితం చదివింది. పక్కన పెట్టింది. “దీనివల్ల బాబాయి వస్తాడా, కోటీ?”

“రాడు. కానీ చెయ్యాలి కదా ఏదో ఒకటి.”

“ఆ అమ్మాయి తప్పు కాదేమో.”

కోటి ముఖం తెల్లబోయింది. టీ గ్లాసు కింద పెట్టాడు.  “నువ్వూ అదే అంటున్నావా? అంటే కబురు పోలేదా? నేను చూసింది అబద్ధమా?” అతను బెంచీ మీంచి సగం లేచాడు. “పోలేదంటే... నేను నాన్నని ఊరికే ఆపానా అక్కా? చొక్కా కూడా ఊపనివ్వలేదు నేను. నువ్వు చేసినదానివి. నీకు తెలుస్తది. నిజం చెప్పు.”

అతను ఆమె కళ్లలోకి చూస్తున్నాడు. అతనికి ఏ జవాబు కావాలో అతనికే తెలియదు. రోడ్డు మీద ట్రాక్టర్ వెళ్తోంది. డ్రైవర్ పాటలు పెట్టుకున్నాడు. అవి పోయేదాకా హేమ ఆగింది.

“వెళ్లింది రా. ఆ మధ్యాహ్నమే అందింది. నీ తప్పు ఏమీ లేదు” అంది.

కోటి ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. అది ఊరట అని ఆమెకు తెలుస్తూనే ఉంది. అతను తేరుకున్నాక కాగితం తీసుకుని, అతనిచ్చిన పెన్నుతోనే సంతకం పెట్టింది.

నొక్కిన వేళ, అందిన వేళ ఉన్న అసలు వివరాలు సంస్థవాళ్లు తెరిచి చూసి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఎవరూ తెరవలేదు. సాయిగణేష్‌ను అడిగితే ఆయన ఏమీ చెప్పకుండా ఊరుకున్నాడని ఆసిమ్ తర్వాత కబురు పెట్టాడు. గొడవ సద్దుమణిగితే చాలని పద్మశ్రీని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ అమ్మాయిది పామర్రు దగ్గర ఏదో ఊరు, పెళ్లి కుదిరి ఉందట, అదీ ఆగిపోయిందో లేదో తెలియదు.

కోటి ఆ సంగతి చెప్పడానికి వచ్చిన రోజున సంతోషంగా ఏమీ లేడు. “తీసేశారక్కా” అన్నాడు. ఆ తర్వాత ఏం చేయాలో తోచనట్టు బెంచీ మీద కూర్చున్నాడు. అర్జీలు అయిపోయాయి. కోపం కూడా అయిపోయినట్టుంది. టీ తాగలేదు.

హేమ పద్మశ్రీ నంబరు సంపాదించింది. ఒకసారి చేసింది. అటువైపు “హలో, ఎవరండీ?” అన్న గొంతు వినబడింది, చిన్నపిల్ల గొంతులా ఉంది. ఏం చెబితే కోటి బతుకుతాడో, ఏం చెబితే ఈ పిల్లకు న్యాయం జరుగుతుందో, రెండూ ఒకే నోటితో చెప్పే మాట ఆమెకు దొరకలేదు. “ఎవరండీ మాట్లాడండి” అని ఆ అమ్మాయి ఇంకోసారి అంది. హేమ ఫోన్ పెట్టేసింది.

సెంటర్లో సాయంత్రం బ్యాచీ పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఆమె లోపలికి వెళ్లి, ఆ రోజు పాఠం ఎక్కడిదాకా వచ్చిందో పిల్లల్నే అడిగి, అక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.